విత్తనపు గింజవంటి మూలము



అనావృష్టికి పేరుపడిన అనంతపురము జిల్లాలో, బళ్ళారి సీమకు పొరుగున నున్న విడపనకల్లు మా యూరు. మావైపు వేరుసెనగ కాయలను బుడ్డలందురు. వేయించిన బుడ్డలు తినుటకు రుచియే కాని, విత్తిన మొలవవు. కంప్యూటరు విద్యలోను ఇట్టి భేదమే కలదు. యంత్రభాషలోనికి మార్చి యిచ్చిన ప్రోగ్రాము వేయించిన గింజ; మనుష్యులు చదివి దిద్దగల మూలము విత్తనపు గింజ. ఆ మూలమునుండి లైబ్రరీని నిర్మించుకొను పద్ధతి యెట్లు వచ్చెనో నేడు మనవి చేసెదను. ఇచట లైబ్రరీ యనగా పుస్తకశాల కాదు. పెక్కు ప్రోగ్రాములు పంచుకొని వాడుకొను పనిముట్ల పెట్టె.

1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టూవర్టు ఫెల్డ్‌మన్ 'మేక్' అను సాధనమును రచించెను. ఏ ఫైలు ఎప్పుడు మారినదో చూచి, దానిపై నాధారపడిన భాగములను మాత్రమే అది తిరిగి నిర్మించును. 1983లో రిచర్డు స్టాల్‌మన్ గ్నూ ప్రయత్నమును ప్రకటించి, మూలము అందరికిని అందవలెనని వాదించెను. యంత్రములు పలువిధములగుటచే 1991లో డేవిడ్ మెకెంజీ 'ఆటోకాన్ఫ్'ను కల్పించెను. దానినుండి పుట్టిన 'కాన్ఫిగర్' ముందుగా యంత్రమును పరీక్షించును; 'మేక్' నిర్మించును; 'మేక్ ఇన్‌స్టాల్' తగినచోట నుంచును.

తెలుగునకు దీనితో నేమి పని యందురేమో! 1991లో వెలువడిన యూనికోడు మన యక్షరములకును సంఖ్యల నిచ్చెను. కాని 'స్త్రీ' యనుటకు ఆరు సంఖ్యలు వరుసగా నుండును. వానిని కూర్చి యొక్క రూపముగా చూపు లైబ్రరీలలో హార్ఫ్‌బజ్ ముఖ్యమైనది. ఇరానులో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దానిని పెంచి పెద్దచేసెను. నేడు ఆండ్రాయిడ్ ఫోనులలో తెలుగు కనబడుట దాని చలువయే.

కొన్నియేండ్ల క్రిందట, నా యంత్రములో ఒత్తులు విడిపోవుచుండగా, ఆ లైబ్రరీ క్రొత్త మూలమును తెచ్చి యింట నిర్మింపబూనితిని. సి ప్లస్ ప్లస్ కంపైలరు లేదని కాన్ఫిగర్ మొదటనే నిలిచెను. దానిని చేర్చితిని, నిర్మాణము ముగిసెను, అయినను ఒత్తులు విడిగానే యుండెను! ప్రోగ్రాము పాత లైబ్రరీనే పిలుచుచుండెను. 'ఎల్‌డీకాన్ఫిగ్' అను ఆజ్ఞతో లైబ్రరీల పట్టికను సరిచేసిన పిదపనే అక్షరములు కుదిరినవి.

హార్ఫ్‌బజ్ నిర్మాణమునకు ఇప్పుడు మెసాన్, నింజా యను సాధనములు వచ్చినవి. పద్ధతి మారినను మూలము చేతనుండవలెనను సూత్రము మారలేదు. అది లేనినాడు మన యక్షరమును దిద్దుమని పరులను వేడుకొనవలసివచ్చును. అది యున్నచో విడపనకల్లులో కూర్చున్న విద్యార్థియు దిద్దగలడు. కరవునాడైనను విత్తనపు బుడ్డలను వేయింపక దాచిన మా పెద్దలకు ఈ మాట క్రొత్తది కాదు.