తరిమెల నుంచి సభకు, సభ నుంచి జనంలోకి

1952 జనవరి. అనంతపురం పక్కన ఓ పల్లె. బడి వసారా ముందు వరసలో మీరూ నిలబడ్డారు. ఎండ ఇంకా ముదరలేదు. ఆడవాళ్ల వరస వేరే ఉంది, మగవాళ్ల వరసకన్నా అదే పొడుగ్గా కనిపిస్తోంది. ఈ వరసల్లో ఉన్నవాళ్లలో చాలామందికి జీవితంలో ఇదే మొదటి ఓటు. ఇంతకుముందు శిస్తు కట్టేవాడికీ, చదువుకున్నవాడికీ మాత్రమే ఉన్న హక్కు ఇవాళ 21 ఏళ్లు నిండిన ప్రతి కూలికీ, కూలి భార్యకీ వచ్చింది. చేతిలో చెప్పులు పట్టుకుని వచ్చినవాళ్లున్నారు. చంకలో బిడ్డతో వచ్చినవాళ్లున్నారు.

లోపల గుమాస్తా మీ పేరు చూసి, ఎడమచేతి వేలికి సిరా పూసి, ఒక కాగితం ఇస్తాడు. దాని మీద పోటీ చేసేవాళ్ల పేర్లు లేవు. ముద్ర కొట్టే పని కూడా లేదు. తెర వెనక్కి వెళితే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద అతికించిన గుర్తు. కాడెద్దుల పెట్టె కాంగ్రెస్‌ది. కంకి కొడవలి పెట్టె కమ్యూనిస్టులది. నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే ఓటు.

మీ ముందున్న ముసలావిడ తెర దగ్గర ఆగింది. "యా పెట్టెలో ఎయ్యాల నాయినా?" అని గుమాస్తాని అడిగింది.

"నీకు ఇష్టమైన దాంట్లో ఎయ్యవ్వా. ఎవురికీ చెప్పద్దు."

ఎవరికీ చెప్పక్కర్లేని నిర్ణయం! రెడ్డి ఇంటి గడప ముందు చేతులు కట్టుకుని నిలబడటమే తెలిసిన ఊళ్లో ఆ తెర ఎంత పెద్ద మార్పో ఇవాళ మనం ఊహించుకోవాలి.

ఇక్కడి పోటీ గురించి వరసలో గుసగుసలు వినిపిస్తున్నాయి. కాడెద్దుల తరఫున నిలబడింది ఇల్లూరు నీలం సంజీవరెడ్డి. మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా చేసినవాడు, ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడు. కంకి కొడవలి తరఫున తరిమెల నాగిరెడ్డి. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ నాగిరెడ్డికి తోబుట్టువు. బావ ఒక పెట్టె మీద, బావమరిది ఇంకో పెట్టె మీద. ఇద్దరివీ భూములున్న ఇళ్లే. నాగిరెడ్డి రిషివ్యాలీలో, మద్రాసు లయోలాలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. తెల్లవాళ్ల కాలంలోనే జైలు చూసినవాడు. ఈ ఎన్నికప్పుడు కూడా జైల్లో ఉండే పోటీ చేశాడని అనంతపురంలో నేటికీ గర్వంగా చెప్పుకుంటారు.

పెట్టెలు విప్పారు. బావ ఓడాడు, బావమరిది గెలిచాడు. ఆంధ్ర జిల్లాల స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 43. కమ్యూనిస్టులు 41 గెలిచి దాదాపు సమానంగా నిలిచారు.

ఇప్పుడు మద్రాసు. 375 మంది సభ్యుల ఉమ్మడి రాష్ట్ర శాసనసభ. కాంగ్రెస్‌కు 152 మందే ఉన్నా ముఖ్యమంత్రి పీఠం మీద రాజాజీ కూర్చున్నారు. ప్రజల ఓటుతో కాకుండా, గవర్నరు శాసనమండలికి నామినేట్ చేస్తే వచ్చి కూర్చున్నారు. కమ్యూనిస్టులే తన ప్రథమ శత్రువులని ఆయన దాపరికం లేకుండా ప్రకటించారు. ఎదురు బల్లల మీద కమ్యూనిస్టుల నాయకుడు 35 ఏళ్ల నాగిరెడ్డి. సభలో ఇంగ్లీషు, తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం అన్నీ వినిపిస్తాయి. రాయలసీమలో కరువు తాండవిస్తున్న రోజులవి. గంజి కేంద్రాల ముందు జనం సత్తు గిన్నెలు పట్టుకుని నిలబడుతున్నారు. ఆ నేల మీది నుంచి వచ్చిన మనిషి రాజాజీ లాంటి వక్త ఎదుట లేచి నిలబడటం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే దృశ్యం.

తర్వాతి కొన్నేళ్లు గబగబా దాటేద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలులో గుడారాల కింద రాజధాని నడిచింది. 1955 మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులు 196 స్థానాల్లో 15కి పడిపోయారు, ఓట్లు మాత్రం మూడో వంతుకు దగ్గరగా తెచ్చుకున్నారు. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయింది నాలుగేళ్ల కిందట అనంతపురంలో ఓడిన సంజీవరెడ్డే. 1957లో నాగిరెడ్డి అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1962లో మళ్లీ రాష్ట్ర శాసనసభకు వచ్చారు.

ఇక్కడ ఆగుదాం. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని తెల్లటి గుమ్మటాల శాసనసభ భవనం. నిజాం కాలంలో టౌన్ హాలుగా కట్టింది. పాసు చూపించి, మెట్లెక్కి, గ్యాలరీలో కూర్చోండి. చప్పట్లు కొట్టకూడదు, కేకలు వేయకూడదు. కింద ప్రశ్నోత్తరాల సమయం నడుస్తోంది. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి లేచి జవాబు చదువుతాడు. సమాచారం సేకరిస్తున్నాం, పరిశీలనలో ఉంది, త్వరలో చర్య తీసుకుంటాం. బడ్జెట్ పద్దు వస్తుంది. ప్రతిపక్షం కోత తీర్మానం పెడుతుంది. చర్చ జరుగుతుంది. ఓటింగ్‌లో కోత తీర్మానం వీగిపోతుంది. మళ్లీ రేపు ఇంకో పద్దు.

శాసనసభ్యుడి బతుకులో ఎక్కువ భాగం ఇదే. ఊరి నుంచి అర్జీ పట్టుకుని వచ్చినవాడి గోడు ఒక ప్రశ్నగా మారుతుంది, ప్రశ్న ఒక జవాబుగా మారుతుంది, జవాబు అచ్చయి సంపుటంలో చేరుతుంది. అర్జీ పెట్టినవాడి పొలం గట్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

భూమి సంగతే చూడండి. 1961లో రాష్ట్రంలో భూగరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం నేల రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. 324 ఎకరాలు! అది పరిమితి అట. ఆ మాత్రం కూడా దాటిన భూమిని కాపాడుకోవడానికి దారులు దొరికాయి. పాలేరు పేరున ఒక ముక్క, దూరపు చుట్టం పేరున ఒక ముక్క, ఉయ్యాలలోని మనవడి పేరున ఒక ముక్క. కరణం దస్త్రంలో భూమి పంచినట్టే ఉంటుంది, నాగలి మాత్రం అదే దొర కోసం దున్నుతుంది. భూస్వామి ఇంట పుట్టిన నాగిరెడ్డికి ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు.

1967లో అనంతపురం ఆయన్ని మళ్లీ గెలిపించింది. ఈసారి కమ్యూనిస్టు పార్టీ చీలాక ఏర్పడ్డ సీపీఎం తరఫున. రాష్ట్రమంతటా ఆ పార్టీ నుంచి గెలిచినవాళ్లు పదిమందికి లోపే. ఆ ఏడాదే బెంగాల్‌లో నక్సల్బరి రైతుల తిరుగుబాటు. అక్టోబరు చివర శ్రీకాకుళం ఏజెన్సీలో లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. 1968లో పాలకొల్లులో సీపీఎం ప్లీనం, ఆ వెనక పార్టీలో చీలిక. దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్యలతో కలిసి నాగిరెడ్డి సాయుధ పోరాట పంథా వైపు బయటికి వచ్చేశారు.

1969 మార్చి. మళ్లీ అదే గ్యాలరీ. బయట హైదరాబాదు కుతకుతలాడుతోంది. తెలంగాణ విద్యార్థులు జనవరి నుంచీ వీధుల్లో ఉన్నారు. శ్రీకాకుళం కొండల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి. కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం రెండు వైపులా పోలీసుల్నే నమ్ముకుంది.

నాగిరెడ్డి లేచారు. "అధ్యక్షా" అన్న పిలుపు ఈ భవనంలో రోజుకు వందసార్లు వినపడేదే. ఇవాళ ఆ పిలుపు వెనక వచ్చేది ప్రశ్నా కాదు, సవరణా కాదు, రాజీనామా. ఈ సభలో ఎన్ని చట్టాలు చేసినా పేదవాడి చేతికి భూమి రాలేదనీ, ఇక్కడి మాటలు పల్లె దాకా చేరడం లేదనీ, ఇకపై తన చోటు జనం మధ్యేననీ ఆయన చెబుతున్నారు. పదవీకాలం ఇంకా మూడేళ్లుంది. ఎవరూ పొమ్మనలేదు. ఏ పదవి కోసమూ, ఏ బేరం కోసమూ కాదు. పదిహేడేళ్లలో ఇన్ని సభలు చూసిన మనిషి, ఆ సభల నియమాలన్నీ తెలిసిన మనిషి, తన బల్ల దగ్గర నుంచి నడిచి వెళ్లిపోతున్నారు.

గ్యాలరీలో మీరు ఆయన్ని సమర్థించేవాళ్లే కావచ్చు, వ్యతిరేకించేవాళ్లే కావచ్చు. ఈ క్షణంలో మాత్రం ఆ నడక వైపే చూస్తారు.

నా మాట దాచుకోను. ఆయన వచ్చిన నిర్ణయం నాది కాదు. సభ దండగని నేను అనుకోను. ఆ తెర వెనక ముసలవ్వకు దొరికిన ఒక్క నిమిషం స్వేచ్ఛకు విలువ కట్టలేం, దాన్ని వదులుకోమని ఎవరూ చెప్పకూడదు. సాయుధ పోరాటం పేరున ఆ తర్వాతి దశాబ్దాల్లో రెండు వైపులా ఒరిగిన ప్రాణాలను తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ సభ మీద ఆయన మోపిన అభియోగం అబద్ధమని అనడానికి నాకు నోరు రాదు. ఆ రోజు అధికారపక్షం ఆ అభియోగానికి జవాబు వెతికి ఉంటే శాసనసభకే గౌరవం పెరిగేది.

ఆ తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1969 డిసెంబరులో మద్రాసులో అరెస్టు. హైదరాబాదు కుట్ర కేసు. కోర్టు బోనులో ఆయన ఇచ్చిన వాంగ్మూలమే "తాకట్టులో భారతదేశం" పుస్తకమైంది. 1972లో బెయిలు. 1973లో కొత్త భూసంస్కరణల చట్టం వచ్చి పరిమితిని మాగాణిలో 10 నుంచి 27 ఎకరాలకు, మెట్టలో 35 నుంచి 54 ఎకరాలకు దించింది. 324 నుంచి 54కి దిగడానికి పన్నెండేళ్లు పట్టింది, దాని వెనక ఎన్నో ఊళ్ల నెత్తురు ఉంది. 1975లో ఎమర్జెన్సీ రాగానే నాగిరెడ్డి అజ్ఞాతంలోకి వెళ్లారు. 1976 జూలై 28న ఉస్మానియా ఆసుపత్రిలో, మారుపేరుతో చేరిన రోగిగా కన్నుమూశారు. మరుసటి ఏడాది అదే నెలలో బావ సంజీవరెడ్డి ఏకగ్రీవంగా భారత రాష్ట్రపతి అయ్యారు.

ఆనాటి సభా చర్చలు అచ్చయి సంపుటాలుగా ఉన్నాయి. 1969 మార్చి సంపుటం తీసి చదవండి. చదివాక మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చిన రోజున ఎదురుగా నిలబడి ఇంత మాత్రం అడగండి: మన నియోజకవర్గంలో మిగులు భూమి అని తేల్చింది ఎంత, పంచింది ఎంత, పట్టా పుచ్చుకున్న కుటుంబాల చేతిలో ఇవాళ మిగిలింది ఎంత? జవాబు రాసి ఇవ్వమనండి.