జహనారా వీధిలో నడక

2021 సెప్టెంబరులో చాందినీ చౌక్‌ని కొత్త రూపంలో జనానికి తెరిచారు. ఎర్రకోట ఎదుటి నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్లు. వెడల్పాటి కాలిబాటలు, ఎర్రరాయి పరుపు, కూర్చోడానికి దిమ్మెలు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బళ్లు రాకూడదు. ఆ చలికాలం అమ్మని తీసుకుని వెళ్లాను. పీహెచ్‌డీ రోజుల్లో నయీ సడక్‌లో పుస్తకాల కోసం వెళ్లినప్పుడల్లా, రద్దీలో ఎవడి చెయ్యి ఎక్కడ తగులుతుందోనని ఒళ్లంతా ముడుచుకుని నడిచిన వీధి అది. మొదటిసారి తలెత్తి మేడల పై అంతస్తులు చూస్తూ నడిచాను. అమ్మ మోకాళ్ల నొప్పితో రెండుసార్లు దిమ్మె మీద కూర్చుంది. ఇది చిన్న విషయం కాదు. ఆడవాళ్లు భయం లేకుండా నడవగల చోటు మన నగరాల్లో ఎంతని?

పైగా ఈ వీధి ఒక స్త్రీ ఆలోచన. తల్లి ముంతాజ్ 1631లో చనిపోయాక ఆమె ఆస్తిలో సగం పెద్ద కూతురు జహనారాకి వచ్చింది. సూరత్ రేవు రాబడి, సొంత ఓడ వ్యాపారం ఉన్న మనిషి. షాజహానాబాద్ కడుతున్నప్పుడు 1650 ప్రాంతంలో ఈ బజారునీ, నడుమ చౌకునీ, అందులో కొలనునీ, ఉత్తరాన సరాయినీ తోటనీ ఆమె కట్టించింది. వీధి మధ్యలో కాలువ పారేది, రెండు పక్కలా చెట్లు. మనకి పాఠ్యపుస్తకాల్లో జహనారా అంటే చెరలో ఉన్న తండ్రికి సేవ చేసిన కూతురు. నగరం కట్టిన మనిషిగా ఎవరు చెప్పారు? అయితే ఆ కాలపు రాచస్త్రీలు వీధిలోకి వస్తే తెరల మాటునే. తాను కట్టించిన బజారులో జహనారాకి మనలాంటి నడక లేదు.

1857 తర్వాత ఇంగ్లీషువాళ్లు సరాయిని కూల్చి టౌన్‌హాలు కట్టారు. బేగం తోట విక్టోరియా రాణి పేరు మీదికి మారింది. టౌన్‌హాలు ముందు ఆ రాణి విగ్రహమూ వెలిసింది. స్వాతంత్ర్యం వచ్చాక దాన్నీ తీసేసి స్వామి శ్రద్ధానంద విగ్రహం పెట్టారు. కాలువ పోయింది, ట్రాము వచ్చింది, 1960లలో అదీ పోయింది.

బాగుచెయ్యడమంటే ఎవరినో ఒకరిని తీసెయ్యడమన్న అలవాటు అప్పటిదే. 2006లో కోర్టు ఉత్తర్వుతో చాందినీ చౌక్‌లో సైకిల్ రిక్షాలని నిషేధించారు. రిక్షావాళ్ల తరఫున నిలబడినవాళ్లలో మానుషి సంఘటన్ ఉంది. అవును, మనం చదువుకున్న ఆ స్త్రీల పత్రిక మానుషి చుట్టూ ఏర్పడిన సంస్థే. 2010లో ఢిల్లీ హైకోర్టు రిక్షాల మీద ఆంక్షలని కొట్టేసింది. ఇవాళ కొత్త వీధిలో మోటారు లేని బళ్లకి దారి ఉంది. కూర్చుని అమ్ముకునేవాళ్లకే చోటు లేకపోయింది. ఇది నో వెండింగ్ జోను, కాబట్టి వాళ్లని తొలగించాలని 2021లోనే హైకోర్టు చెప్పింది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. పట్టణ కమిటీల్లో వ్యాపారుల ప్రతినిధుల్లో మూడో వంతు స్త్రీలుండాలని అందులో రాసి ఉంది. ఏ వీధిలో ఎవరు కూర్చోవచ్చో తేల్చేటప్పుడు ఆ మూడో వంతు మాట వినిపించాలి కదా. ప్లానులో నడిచేవాళ్ల కొలతలుంటాయి. గోనెపట్టా పరుచుకున్న ఒక మనిషికి ఎన్ని అడుగులు కావాలో ఎవరూ కొలవరు. ఆ మనిషి అక్కడ ఉండటం వల్లే చీకటిపడ్డాక మనం ధైర్యంగా నడుస్తామన్న సంగతి అసలే లెక్కలోకి రాదు.

కినారీ బజారులో చెల్లి చీరకి గోటా అంచు కొన్నాం. బయటికి వస్తుంటే అమ్మ ఆగి, "పెళ్లి సామానుకి వచ్చినప్పుడు ఇక్కడ పిన్నీసులమ్మే ఆవిడుండేది, ఏదే?" అంది. చెల్లి పెళ్లినాటి మాట అది, నాలుగేళ్లయింది. నాకైతే ఆ మనిషి గుర్తే లేదు. దరీబా సందు మొదట్లో గోడవార కనిపించింది. ఆవిడో కాదో నేను చెప్పలేను గానీ అమ్మకి అనుమానం లేదు. ముందు పరిచిన గుడ్డ నాలుగు కొసలకీ తాడు కట్టి ఉంది, ఒక్కసారి లాగితే మూటైపోయేలా. తాడు కొస ఆవిడ కాలి బొటనవేలికి చుట్టుకుని ఉంది. అమ్మ వంగలేక నన్ను తీయమంది. రెండు డజన్లు తీసుకున్నాం.