రెండు గ్యాలన్ల కొసరు: చమురు, గ్యాస్ కొలతల చరిత్ర

ముడిచమురును చెక్క పీపాల్లో రవాణా చేసే పద్ధతి ఎన్నడో అంతరించినా, ప్రపంచ విపణిలో దాని ధరను నేటికీ బ్యారెల్ లెక్కనే చెబుతున్నారు. 42 అమెరికన్ గ్యాలన్లకు, అంటే సుమారు 159 లీటర్లకు సమానమైన ఈ కొలత ఏ శాస్త్రీయ గణన నుంచీ పుట్టింది కాదు. అమ్మేవారికీ కొనేవారికీ మధ్య తగవు తీర్చే ఒప్పందంగా స్థిరపడింది.

1859 ఆగస్టులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, టైటస్‌విల్ వద్ద ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడిన తరువాత, ఆ ప్రాంతంలో బావులు వేగంగా పెరిగాయి. నింపడానికి తగిన పాత్రలు లేక విస్కీ పీపా, చేపల పీపా అన్న భేదం లేకుండా దొరికినదాన్నల్లా వాడడంతో, ఒకరి పీపాకు మరొకరి పీపాకు పొంతన ఉండేది కాదు. పైగా గుర్రపు బండ్ల మీద బురద బాటల్లో సాగే ప్రయాణంలో చమురు అతుకుల నుంచి కారి, కొంత ఆవిరై, గమ్యం చేరేసరికి తరిగిపోయేది. ఈ తరుగును పూడ్చడానికి 1866లో అక్కడి ఉత్పత్తిదారులు ప్రతి 40 గ్యాలన్లకు 2 గ్యాలన్లను కొనుగోలుదారుకు కొసరుగా ఇవ్వాలని తీర్మానించుకున్నారు. ఇంగ్లండులో మద్యానికి శతాబ్దాలుగా వాడుకలో ఉన్న టియర్స్ అనే పీపా పరిమాణం కూడా 42 గ్యాలన్లే కావడం వల్ల ఆ అంకె వ్యాపారులకు కొత్తగా తోచలేదు. 1872లో ఉత్పత్తిదారుల సంఘం దానిని ప్రమాణంగా స్వీకరించింది.

పరిమాణాన్ని బరువులోకి మార్చేటప్పుడు ఈ ప్రమాణం ఒక్కటే చాలదు. భారతదేశంలో చమురు ఉత్పత్తిని టన్నుల్లో ప్రకటిస్తారు. ధర మాత్రం బ్యారెల్‌కు ఇన్ని డాలర్లని ఉంటుంది. టన్నుకు సగటున 7.33 బ్యారెళ్లని లెక్క కట్టడం వాడుకే అయినా, అది మధ్యరకం చమురుకే సరిపోతుంది. చమురు తేలికదనాన్ని తెలిపే ఏపీఐ గ్రావిటీ అనే మానంలో నీటికి 10 డిగ్రీలు వస్తాయి, అంకె పెరిగేకొద్దీ చమురు తేలికవుతుంది. ఆ మానంలో 20 డిగ్రీలున్న బరువైన చమురు టన్నుకు సుమారు 6.7 బ్యారెళ్లే రాగా, 45 డిగ్రీలున్న తేలిక చమురు 7.8 బ్యారెళ్లకు పైగా వస్తుంది.

సహజవాయువు విషయంలో చిక్కు మరింత పెరుగుతుంది. ఒక ఘనపు మీటరు 35.3 ఘనపు అడుగులకు సమానమన్నది నిజమే. కానీ వాయువు వేడికి వ్యాకోచించి ఒత్తిడికి కుంచించుకుపోతుంది కాబట్టి, ఏ ఉష్ణోగ్రత, ఏ పీడనం వద్ద కొలిచారో చెప్పని ఘనపు మీటరుకు వ్యాపారంలో విలువ లేదు. 0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరుగా లెక్కకు వచ్చిన వాయువే, పీడనం మారకుండా 15 డిగ్రీలకు చేరితే సుమారు ఐదున్నర శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

అందువల్లనే గ్యాస్‌కు ధర కట్టేది పరిమాణాన్ని బట్టి కాక, అది ఇచ్చే వేడిని బట్టి. ఒక పౌండు నీటి ఉష్ణోగ్రతను ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ పెంచడానికి కావలసిన వేడిని బీటీయూ అంటారు. పది లక్షల బీటీయూలు ఒక ఎమ్ఎమ్‌బీటీయూ. ఇక్కడ ఎమ్ అంటే రోమన్ అంకెల్లోని వెయ్యి, రెండు ఎమ్‌లు కలిస్తే వేయి వేలు. సాధారణ గ్యాస్ వెయ్యి ఘనపు అడుగులు మండితే దాదాపు ఒక ఎమ్ఎమ్‌బీటీయూ వేడి వస్తుంది. ఒక బ్యారెల్ చమురును సుమారు 58 లక్షల బీటీయూలుగా తీసుకుని, ఆరు వేల ఘనపు అడుగుల గ్యాస్‌ను దానికి సమానంగా కంపెనీల నివేదికల్లో చూపుతారు; ఈ సమానత వేడికే గాని ధరకు వర్తించదు.

వేడిని లెక్కించడంలోనూ రెండు పద్ధతులున్నాయి. గ్యాస్ మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలోని వేడిని కలిపితే స్థూల కెలోరిఫిక్ విలువ, కలపకపోతే నికర విలువ వస్తుంది. స్థూల విలువ సుమారు పదో వంతు ఎక్కువ. కాకినాడ తీరానికి చేరువలోని కృష్ణా గోదావరి బేసిన్ డీ6 క్షేత్రపు గ్యాస్‌కు నికర పద్ధతిలో ఎమ్ఎమ్‌బీటీయూకు 4.2 డాలర్ల ధర ఉండగా, 2014 నవంబరు నుంచి దేశీయ గ్యాస్‌కు అమలైన 5.05 డాలర్ల ధరను స్థూల పద్ధతిలో నిర్ణయించారు. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే పెంపు 20 శాతమే అనిపిస్తుంది. కొత్త ధరను నికర పద్ధతిలోకి మారిస్తే అది 5.61 డాలర్లయి, అసలు పెంపు మూడో వంతని తేలుతుంది.