కణాల కబుర్లు: చెప్పేదెవరు, వినేదెవరు?

మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయని ఒక అంచనా. వాటిలో ఏ ఒక్కదానికీ కళ్ళు లేవు, చెవులు లేవు. అయినా అన్నం తిన్న కాసేపటికే రక్తంలోకి చక్కెర వచ్చిందన్న సంగతి కండరాలకు తెలుస్తుంది. కుక్క వెంటపడితే ఆ సంగతి గుండెకు తెలుస్తుంది. వేలు తెగితే, ఆ గాయం పూడ్చాల్సిన పని తమదేనని చుట్టుపక్కల చర్మకణాలకు తెలుస్తుంది. ఎవరు చెప్పారు? ఎలా చెప్పారు?

నేను చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కానీ ఉండేది జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో. ఈ ఊరికీ, ఇక్కడికి 30 కిలోమీటర్ల దూరంలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కీ ఈ కథతో దగ్గర సంబంధం ఉంది. ఆ దారిలోనే వెళ్దాం.

తాళం, తాళంచెవి

1899లో పాల్ ఏర్లిష్ అనే శాస్త్రవేత్త తన పరిశోధనాలయంతో ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చారు. రంగులు వేసి కణాలను పరీక్షించడం ఆయనకు అలవాటు. ఒక రంగు కొన్ని కణాలకే అంటుకుని, పక్కవాటిని వదిలేయడం ఆయన గమనించారు. కణం మీద ఒక పదార్థాన్ని పట్టుకునే ప్రత్యేకమైన భాగమేదో ఉండాలని ఊహించి, 1900లో దానికి రిసెప్టర్ అని పేరు పెట్టారు. తెలుగులో గ్రాహకం అంటున్నాం. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

గ్రాహకం అంటే చాలావరకు కణం పొరలో ఇమిడి ఉండే ఒక ప్రోటీన్. బయటివైపు దానికి ఒక గుంట ఉంటుంది. కబురు తెచ్చే అణువు ఆ గుంటలో తాళంచెవిలా అమరితే గ్రాహకం ఆకారం మారుతుంది. ఆ మార్పే కణం లోపలివైపుకు అందే మొదటి వార్త. గ్రాహకం లేని కణం పక్కనుంచి ఎంత హార్మోన్ పోయినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లే.

రెండు కప్ప గుండెలు

ఇంతకీ కబురు తెచ్చేది నిజంగా ఒక రసాయనమేనా? దీన్ని తేల్చిన ఆటో లోవీ పుట్టింది ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే, 1873లో. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆయన రెండు కప్ప గుండెలు తీసుకున్నారు. మొదటి గుండెకు వెళ్ళే వేగస్ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. ఆ గుండెను తడుపుతున్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు పట్టిస్తే, ఏ నరమూ తాకకుండానే అదీ నెమ్మదించింది! అంటే నరం చివర ఏదో పదార్థం ఊరుతోందన్నమాట. అది ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. 1936లో ఆయన హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు.

మన చేలగట్ల మీది ఉమ్మెత్త చేసే హాని కూడా ఇక్కడే. అందులోని అట్రోపిన్ ఈ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల్లో కొన్నిటికి అడ్డుపడుతుంది. నెమ్మదించమన్న కబురు అందక గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి. కంటి వైద్యులు పరీక్షకు వేసే చుక్కల పద్ధతీ ఇదే.

కబుర్లలో రకాలు

హార్మోన్లు ఊరంతా వేసే చాటింపు లాంటివి. రక్తంలో అన్నిచోట్లకూ పోతాయి, గ్రాహకమున్నవారే వింటారు. నరాలు చెవిలో చెప్పే రకం. గాయం దగ్గరి కణాలు పిట్టగోడ మీదుగా పొరుగింటితో మాట్లాడే రకం. కొన్ని కణాలు ఒకదాన్నొకటి తాకి చెప్పుకుంటాయి. కొన్ని తమకు తామే చెప్పుకుంటాయి. స్టీరాయిడ్ హార్మోన్లు మాత్రం కొవ్వులో కరిగే గుణం వల్ల పొరను దాటి తిన్నగా లోపలికే పోతాయి. వాటి గ్రాహకాలు కణం లోపలే ఉంటాయి.

గోరంత కొండంతయ్యేదెలా?

అడ్రినలిన్‌నే తీసుకోండి. అది కాలేయ కణం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. గ్రాహకం లోపలివైపున్న జి-ప్రోటీన్‌ను లేపుతుంది, అది ఒక ఎంజైమును లేపుతుంది, ఆ ఎంజైము చక్రీయ ఏఎంపీ అనే చిన్న అణువులను గుట్టలుగా తయారుచేస్తుంది. అవి కైనేజ్ అనే ఎంజైములను కదిలిస్తాయి. ఒక్కో మెట్టు దగ్గరా ఒకటి చాలావాటిని లేపుతుంది కనుక చిటికెడు అడ్రినలిన్‌కే కాలేయం చక్కెరను ధారగా వదులుతుంది. చక్రీయ ఏఎంపీని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

కైనేజ్ చేసే పని ఒక్కటే: ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి వేరే ప్రోటీన్‌కు తగిలించడం. ఇది స్విచ్ వేసినట్లు. ఫాస్ఫటేజ్ అనే మరో ఎంజైము దాన్ని ఊడదీస్తే స్విచ్ ఆపినట్లు. ఈ ఏటీపీ దగ్గర మనవారి పేరు చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1929లో కండరాల నుంచి దీన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఫాస్ఫేట్ తగిలించడమే కణాల స్విచ్ అని ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ 1955లో చూపేనాటికి సుబ్బారావు గారు మన మధ్య లేరు.

డార్మ్‌స్టాట్ మందు

మా ఊళ్ళోని మెర్క్ సంస్థ 1668లో ఒక మందుల దుకాణంగా మొదలైంది. అమెరికాలోని మెర్క్ ఇప్పుడు వేరే సంస్థ, మొదటి ప్రపంచ యుద్ధంతో విడిపోయింది. డార్మ్‌స్టాట్ మెర్క్ 1827 నుంచే మార్ఫిన్‌ను పెద్ద ఎత్తున తయారుచేసింది. ఆ మార్ఫిన్‌కు మెదడులో గ్రాహకాలున్నాయని తేలింది 1973లో. నొప్పి తగ్గించే మన సొంత అణువుల కోసం ఉన్న తాళంలో ఈ మారుతాళంచెవి కూడా పడుతుందన్నమాట.

ఈ సంస్థదే మరో మందు, సెటుక్సిమాబ్. అమెరికా, కెనడాల బయట దీన్ని ఎర్బిటక్స్ పేరుతో అమ్మేది మెర్కే. చర్మం, పేగు లోపలి పొర వంటివి పెరగడానికి ఈజీఎఫ్ అనే అణువు కబురు తెస్తుంది. దాన్ని కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ వచ్చింది. కొన్ని క్యాన్సర్లలో ఈ "పెరుగు, పెరుగు" అన్న కబురు ఆగదు. ఎర్బిటక్స్ ఒక యాంటీబాడీ. అది ఈజీఎఫ్ గ్రాహకం మీద కూర్చుని తాళంచెవిని దూరనివ్వదు. చర్మంలోనూ అవే గ్రాహకాలుంటాయి కనుక ఈ మందు వాడేవారిలో చాలామందికి మొటిమల్లాంటి దద్దుర్లు వస్తాయి. యూరప్‌లో పెద్దపేగు క్యాన్సర్‌కు 2004లో అనుమతి వచ్చింది, తరువాత తల, మెడ క్యాన్సర్లకూ వచ్చింది.

నేను డార్మ్‌స్టాట్‌లో ఉంటానని తెలిసి, "ఆ మందు అక్కడిదేనటగా, మా పెదనాన్నకు పనిచేస్తుందా?" అని అడిగేవారున్నారు. జవాబు గుమ్మం దగ్గర కాదు, లోపల ఉంది. గ్రాహకం నుంచి కబురు మోసేవాటిలో రాస్ అనే ప్రోటీన్ ఒకటి. మామూలుగా అది పని కాగానే ఆగిపోతుంది. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో రాస్ జన్యువు దెబ్బతిని, ఆ స్విచ్ వేసినట్టే ఉండిపోతుంది. మా భాషలో చెప్పాలంటే, లోపల ప్రోగ్రాం ఆగని లూప్‌లో పడ్డాక బయటి రిక్వెస్టులను ఆపి లాభం లేదు. అందుకే యూరప్‌లో 2008లో కేరాస్ మార్పు లేనివారికే అని, 2013లో మొత్తం రాస్ మార్పులు లేనివారికే అని ఈ మందు వాడకాన్ని పరిమితం చేశారు. రాస్ మార్పు ఉన్నవారికి ఆక్సాలిప్లాటిన్ ఉన్న కీమోతో కలిపి ఇస్తే మేలు లేకపోగా హాని జరగవచ్చు. కాబట్టి పెద్దపేగు క్యాన్సర్‌కు ఎవరైనా ఈ మందు పేరెత్తితే, ఖర్చు గురించి అడిగేముందు "కణితికి రాస్ పరీక్ష చేశారా?" అని డాక్టరుగారిని అడగండి.

చివరగా చక్కెర వ్యాధి

మన ఇళ్ళలో బాగా తెలిసిన టైప్ 2 మధుమేహం కూడా కబురు సరిగా అందని జబ్బే. ఇన్సులిన్ వచ్చి గ్రాహకంలో కూర్చుంటుంది, కానీ లోపలి మెట్లు సరిగా స్పందించవు. చక్కెరను లోపలికి తెచ్చే తలుపులు పొర మీదికి తగినన్ని రావు. క్లోమం ఇంకా గట్టిగా అరుస్తుంది, కొన్నేళ్ళకు అలసిపోతుంది. నడక, వ్యాయామం చేసినప్పుడు కండరాలు ఇన్సులిన్ కబురు లేకుండానే ఆ తలుపుల్ని కొంత పైకి తెస్తాయి. భోజనం తరువాత పది నిమిషాలు నడవమని పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదు!