న్యుమోసిస్టిస్ కథ: దాగిన జబ్బుకు జాడ

ఇంట దొంగ పడినచో, దొంగ ఎవరని మాత్రమే కాక, తలుపు గడియ ఎట్లు ఊడినదని కూడ విచారింతుము. ఊపిరితిత్తుల జబ్బులలో ఒకదాని చరిత్ర ఈ రెండవ ప్రశ్న విలువను చక్కగా బోధించుచున్నది. ఆ జబ్బును కలిగించు సూక్ష్మజీవి పేరు న్యుమోసిస్టిస్. ఇది శిలీంధ్రజాతికి చెందినదని 1988లో గాని తేలలేదు.

1909లో బ్రెజిలు శాస్త్రజ్ఞుడు కార్లోస్ చాగస్ దీనిని గినీపందుల ఊపిరితిత్తులలో చూచెను. కాని తాను పరిశోధించుచున్న వేరొక పరాన్నజీవి యొక్క దశ యని భ్రమపడెను. ఆ పరాన్నజీవి సోకని పారిసు ఎలుకలలో కూడ ఇది ఉండుట గమనించి, 1912లో డెలనోయి దంపతులు దీనిని ప్రత్యేక జీవిగా గుర్తించిరి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఐరోపాలో నెలలు నిండని శిశువులు, పోషణలేని శిశువులు వింత న్యుమోనియాతో మరణించుచుండిరి. అందుకు ఈ జీవియే కారణమని 1952లో ప్రేగు నగరమునకు చెందిన వానెక్, యిరోవెట్స్ అనువారు ప్రకటించిరి.

తరువాత క్యాన్సరు రోగులలోను ఇది కనబడినది. మన రక్తమునందలి తెల్లకణములలో టి-కణములను తెగ ఈ జీవిని అదుపులో నుంచును. క్యాన్సరు వలన గాని, దాని చికిత్స వలన గాని ఆ కావలి సడలినచో ఇది విజృంభించును. 1977లో అమెరికాలోని మెంఫిస్ నగరమున వాల్టర్ హ్యూస్ బృందము క్యాన్సరు సోకిన పిల్లలపై జరిపిన పరీక్షను ప్రకటించెను. మందు లేని మాత్రలు తీసికొన్న 80 మందిలో 17 మందికి ఈ న్యుమోనియా వచ్చినది. ట్రైమెథోప్రిమ్-సల్ఫామెథాక్సజోల్ తీసికొన్న 80 మందిలో ఒక్కరికిని రాలేదు.

1981 జూన్ 5న, లాస్ ఏంజిలిస్‌లో ఐదుగురు యువకులకు ఈ జబ్బు సోకినట్లు అమెరికా ప్రభుత్వ వైద్య వారపత్రిక తెలిపెను. అంతవరకు ఆరోగ్యముగా నున్నవారికి ఇది ఏల వచ్చినది? ఆ ప్రశ్నయే ఎయిడ్స్ వ్యాధిని బయటపెట్టినది.

వృద్ధుని విషయములోను ఈ ప్రశ్ననే అడుగవలెను. ఒక రకము రక్తక్యాన్సరు వృద్ధులలో ఏండ్ల తరబడి ఏ బాధయు లేక దాగియుండగలదు. అరుదుగా ఇట్టి న్యుమోనియాయే దాని తొలి జాడ కావచ్చును. కావున వైద్యుడు ఈ జీవికి మందిచ్చి ఊరకుండడు. రక్తకణములను లెక్కించును, హెచ్.ఐ.వి. పరీక్ష చేయించును; రోగి స్టీరాయిడ్ మందులు వాడుచుండెనా యని అడుగును. ఇల్లలుకగానే పండుగ కాదు గదా! దొంగ దొరికినను, ఊడిన గడియను వెదకి బిగించినగాని ఇంటికి రక్షణ లేదు.