స్థలప్రణాళిక – లోకదృష్టుల సంఘర్షణము

ఒకే నేలను వేర్వేరు జనులు వేర్వేరు విలువలతో చూచునపుడు దాని వినియోగమును నిర్ణయించుట యెట్లన్నది స్థలప్రణాళికాశాస్త్రమందలి చిక్కుముడులలో నొకటి.

ఆమదాలవలస రైలుస్టేషనుకు రైల్వేవారు పెట్టిన పేరు శ్రీకాకుళం రోడ్డు. ఈ రెండు పేర్ల వలన ఎవరికిని హానిలేదు. అచ్చట బండి యెక్కి ఉత్తరముగా సోంపేటకు పోయినచో, పేర్ల భేదమే ప్రాణాంతకమైన ప్రదేశము కనబడును. అందలి చిత్తడినేలకు స్థానికులు పెట్టుకొన్న పేరు బీల. అది రైతులకు సాగునీరు, మత్స్యకారులకు చేపలు, పశువులకు మేత యిచ్చునది. ప్రభుత్వమున కది ఖాళీ భూమి. అందు 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము నెలకొల్పబూనగా జనులు ప్రతిఘటించిరి; 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ కేంద్రమున కిచ్చిన పర్యావరణానుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దుచేసినదియు ఆ దినములలోనే. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలమందలి కాకరాపల్లి తంపర యను చిత్తడి భూములకడ అట్టి విషాదమే మరల జరిగెను.

నిపుణుడు లెక్కగట్టి సర్వజనహితమును తేల్చగలడని పూర్వపు ప్రణాళికావేత్తలు నమ్మిరి. ప్రజాహితమనునది యొక్కటి కాదని, ప్రతి పక్షమునకును తన ప్రణాళికను తాను సమర్పించుకొను హక్కు వలయునని 1965లో ప్రణాళికావేత్త పాల్ డేవిడాఫ్ వాదించెను. సమస్య యేదో నిర్వచించుటయందే పక్షములు విడిపోవునని 1973లో రిట్టెల్, వెబ్బర్ చూపిరి. బీల విషయమున ఇంతకన్న సూటియైన మాట లేదనవలెను, ఏలయన నీటిపట్టును ఖాళీ భూమి యని వ్రాసిననాడే సగము తీర్పు జరిగిపోయినది. పాట్సీ హీలీ 1997లో సహకార ప్రణాళికను ప్రతిపాదించి, సంభాషణ వలన ఏకాభిప్రాయము కుదురునని ఆశించెను. రాజకీయ తత్త్వవేత్త షాంటల్ మూఫ్ ఇట్టి ఏకాభిప్రాయమున కొప్పుకొనక, భేదము చెరగనిదనియు, శత్రువులను ప్రత్యర్థులుగ మార్చుటయే రాజకీయమనియు పలికెను. మూఫ్ మాటయే సోంపేట, కాకరాపల్లి విషయములకు దగ్గరగ నున్నది. అయితే ప్రత్యర్థులగుటకైనను ఇరుపక్షములును సమానముగ కూర్చుండు వేదిక కావలెను గదా.

మనదేశమున 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన యిట్టి పరిశ్రమలకు బహిరంగ విచారణను విధించినది. కాని విచారణ జరుగునాటికి స్థలము ఎన్నుకొనబడియే యుండును. అచ్చటికి వచ్చినవారు కట్టడము వలని ప్రభావమును చర్చింతురు గాని, ఆ నేల యేమన్న మొదటి ప్రశ్న వారి ముందుకు రాదు.