గచ్చు కింద తారీఖు

పోయిన ఎండాకాలం అర్ధవీడులో మా ఇంటి బండి షెడ్డు గచ్చు పగలగొట్టించాను. తప్పలేదు. నడుమ వేళ్లు దూరేంత పగులు. ఒక మూల పైకి లేచింది, ఇంకో మూల కుంగింది. వానొస్తే నీళ్లన్నీ ఇంటి గోడ మొదట్లోకే చేరేవి. కారు చక్రం గుంటలో దిగి దడేల్‌మన్నప్పుడల్లా అమ్మీ లోపలి నుంచి ఒకే మాట అనేది: "ఆ మేస్త్రీ చేసిన పని చూడు."

ఆ మాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. ఆ గచ్చు నేరానికి మా ఇంట్లో ఒక ముల్జిమ్ ఉన్నాడు. ఊళ్లో పిల్లలందరం తాపీ చాచా అని పిలిచే మేస్త్రీ. 1981 ఎండల్లో ఆయన ఆ గచ్చు వేశాడు. అప్పుడు నేను ఉయ్యాలలో ఉన్నాను. మొదటి వానాకాలానికే అది పగిలింది. బాకీ ఉన్న ముప్పై రూపాయలు అబ్బా ఇవ్వలేదు. చాచా కూడా రెండోసారి అడగలేదట. అబ్బా పోయారు, చాచా పోయారు, ఇల్జామ్ మాత్రం నిలిచింది.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. తెలుగులోకి వచ్చేటప్పుడు తేదీ ఒక్కటే వచ్చింది, చరిత్ర అక్కడే ఉండిపోయింది. ఆ ముప్పై రూపాయల సంగతి తేల్చుకోవాలంటే నాకు రెండూ కావలసి వచ్చాయి.

ముందు మాటల దగ్గర మొదలుపెడతాను, ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడికి ఆ జబ్బు తప్పదు. గచ్చు అనే మాట ఫార్సీ 'గచ్'. సున్నపు ముద్ద, పూత అని అర్థం. మనం నేలకి వాడుతున్నాం. మరమ్మతు మనదే, అరబ్బీ నుంచి వచ్చింది. తాపీ కూడా మన 'థాపీ'నే, తడి గచ్చును తట్టే చెక్క. తెలుగువాళ్లు ఆ పేరును ఇనుప పనిముట్టుకు ఇచ్చారు, ఆ తర్వాత పనివాడికీ ఇచ్చారు. మేస్త్రీ ఒక్కడే పోర్చుగీసు నుంచి ఓడెక్కి వచ్చాడు. ఇక గార: ఉర్దూలో గారా అంటే గోడ కట్టే బురద, తెలుగులో గార అంటే గోడకు పూసే సున్నం. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారో నేను తేల్చలేను. ఒక గోడ దగ్గర ఇద్దరు కలిసి పనిచేస్తే మాటలు అలాగే కలుస్తాయి.

సిమెంటు రాకముందు గచ్చంటే సున్నమే. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చంపి, ఇసుక కలిపి గానుగలో వేసేవారు. గుండ్రటి కాలువలో రాతి చక్రం, దానికి ఎద్దులు. నూరిన కొద్దీ వెన్నలా అయ్యేది. అందులో కరక్కాయ నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. ఇటుకపొడి వేస్తే దాన్ని సుర్ఖీ అనేవారు, ఎర్రగా ఉంటుంది కాబట్టి. నేల మీద పరిచి, ఆడవాళ్లు వరసగా కూచుని రోజుల తరబడి చెక్కలతో కొట్టేవారు. 1591లో కట్టిన చార్మినార్ నిలబడింది రాయి మీద, ఈ సున్నం మీద. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయవుతుంది. ఏళ్లు పడుతుంది. చిన్న పగులొస్తే వాన నీటికి కాస్త కరిగి తనంతట తనే పూడుకుంటుంది కూడా.

సున్నం కూడా అందని ఇళ్లకు బండలు ఉండేవి. మా మార్కాపురం, కంభం, గిద్దలూరు తాలూకాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లావి. నల్లమల దాటితే బేతంచర్ల, ఆ పక్క నాపరాళ్ల నేల. మా దాదాకు కంభం దారిలో జట్కా ఉండేది. ఇప్పుడు కారు పెట్టే చోటే ఆయన గుర్రపు సాల. అక్కడ నాపబండలు ఉండేవని అమ్మీ చెప్పేది. అబ్బా జట్కా అమ్మి పాత జీపు కొన్నాక, జీపుకు సిమెంటు గచ్చు కావాలనిపించింది. జీపుకు ఆ అవసరం లేదు. అవసరం అబ్బాది. 1981లో సిమెంటు గచ్చంటే ఊళ్లో ఇజ్జత్.

అప్పుడు సిమెంటు కావాలంటే డబ్బుంటే చాలదు. ఈ సంగతి మన పిల్లలు నమ్మరు.

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. గట్టిపడితే పోర్ట్‌లాండ్ రాయిలా కనిపిస్తుందని ఆ పేరు. మన దేశంలో 1904లో మద్రాసులో గవ్వల సున్నంతో ఒక ప్రయత్నం జరిగింది, నిలవలేదు. 1914లో పోర్‌బందర్‌లో నిలిచింది. మన వైపు 1936లో విజయవాడలో ఆంధ్రా సిమెంట్ కంపెనీ పెట్టారు, 1955లో బేతంచర్ల దగ్గర పాణ్యం సిమెంట్స్. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు మాచర్లలో కేసీపీ ఫ్యాక్టరీ లేచింది. ఇన్ని ఫ్యాక్టరీలున్నా దేశానికి సిమెంటు చాలేది కాదు. ధర, పంపిణీ రెండూ సర్కారు చేతిలోనే. మామూలు మనిషికి పర్మిట్ కావాలి. దరఖాస్తు, ప్లాను, సంతకాలు, మళ్లీ రమ్మనడం. ఇంకా మండలాలు రాలేదు, అవి 1985లో వచ్చాయి. తాలూకా ఆఫీసుల చుట్టూ తిరగడమే ఒక నౌకరీ. దొంగబజారులో రెట్టింపు ధర పెట్టినా అందులో బూడిద కలిపారేమోనన్న షక్ పోయేది కాదు. 1982 ఫిబ్రవరిలో కంట్రోలు కొంత సడలింది: ఫ్యాక్టరీలు కొంత సరుకు లెవీకి ఇచ్చి, మిగతాది బజారులో అమ్ముకోవచ్చన్నారు. పూర్తిగా పోయింది 1989 మార్చి 1న.

అంటే అబ్బా ఇంకో ఏడాది ఆగి ఉంటే బజారుకెళ్లి కొనుక్కునేవారు. ఆగలేదు.

ఆయన పర్మిట్ కాగితం ఇంటి దస్తావేజుల రేకు పెట్టెలో దొరికింది. పది బస్తాలు. కాగితం వెనక అబ్బా ఉర్దూ చేతిరాత: బావర్చీఖానా కప్పుకు ఆరు, షెడ్డుకు నాలుగు. ఆ రాత నేను చిన్నప్పుడూ చూశాను. దాని అర్థం మాత్రం గచ్చు పగిలాకే తెలిసింది.

పగలగొట్టే మిషన్ తెచ్చిన కుర్రాళ్లు అరగంటలో సగం లేపేశారు. "భాయ్, ఇది అప్పడం" అన్నాడు ఒకడు. తీసిన ముక్కను టేపుతో కొలిచాను. రెండు అంగుళాలు. కొన్నిచోట్ల అదీ లేదు. గోరుతో గీకితే ఇసుక రాలింది. ఒక పెచ్చు మీద కోడి కాళ్ల గుర్తులు, పచ్చి గచ్చు మీద నడిచినట్టుంది. కింద కంకర లేదు, గరుసు లేదు, నేరుగా నల్లరేగడి. వెనక మూల మాత్రం దాదా కాలం నాపబండలు నాలుగు అలాగే ఉన్నాయి. వాటి సందులో తుప్పు పట్టిన లాడం ముక్క. మా ఇంట్లో దాన్ని నాల్ అనేవారు. ఆ నాలుగు బండల మీదున్న గచ్చుకు ఒక్క పగులు లేదు.

అక్కడే నిలబడి లెక్క వేశాను. షెడ్డు పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు. నాలుగు అంగుళాల మందంతో వేస్తే అరవై ఘనపుటడుగులు. ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర పాళ్లలో కలిపినా పదకొండు బస్తాలు కావాలి. ఉన్నవి నాలుగు. నాలుగు బస్తాలతో అంత నేల కప్పాలంటే మందం సగం చెయ్యాలి, కలుపు ఒకటికి మూడు, ఆరుకు దించాలి. చాచా సరిగ్గా అదే చేశాడు. ఇంకే మేస్త్రీ అయినా అంతకు మించి చెయ్యలేడు.

ఇక రేగడి. మన నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం చేలో చెయ్యి దూరే నెర్రెలు చూడనివాడు మన వైపు ఎవడున్నాడు? దాని మీద రెండంగుళాల సిమెంటు పరిస్తే అంచుల్లో వాన నీరు దిగి అక్కడ లేస్తుంది, నడుమ పొడిగా ఉండి లేవదు. సిమెంటు నలుగుతుందేగాని వంగదు. పగులుతుంది. ఇది తాపీ లోపం కాదు, మట్టి స్వభావం. మన పక్కనే కంభం చెరువు ఉంది, గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించింది. సిమెంటు చుక్క లేదు. మట్టీ, రాయీ. మట్టి ఎలా నడుచుకుంటుందో తెలిసినవాళ్ల పని అది.

చాచాకు అది తెలియదా? ఆయన వయసులో ఉన్నప్పుడు నాగార్జునసాగర్ మీద పనిచేశాడు. 1955లో పునాది రాయి పడి, 1967లో నీళ్లు వదిలిన ఆనకట్ట, ప్రధాన కట్ట అంతా రాతి కట్టడం. కాంక్రీటుతో కాక రాతితో కట్టారు కాబట్టే అన్ని వేల చేతులకు పని దొరికింది. అక్కడ రాయి పేర్చినవాడికి షెడ్డు గచ్చు రాదా? అమ్మీని నిలదీసి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "రేగడి తీసేసి గరుసు పొయ్యాలన్నాడు. మీ అబ్బా బండి కిరాయి ఎక్కువవుతుందన్నారు. బస్తాలు చాలవు, సగం షెడ్డే వేద్దామన్నాడు. సగం వేస్తే నవ్వుతారన్నారు."

నలభై ఏళ్లకు పైగా మేం ఆయన్ని తిట్టుకున్నాం. ఇల్లు కట్టుకుంటున్న చుట్టాలకు ఆ మేస్త్రీని పిలవొద్దని సలహా కూడా ఇచ్చాం. ఆయనకు అలా ఎన్ని పనులు పోయాయో!

కొత్త గచ్చు సంగతి. పాతది పగలగొట్టేటప్పుడు నీళ్లు చల్లిస్తూ, కుర్రాళ్ల ముక్కులకు మాస్కులు పెట్టించాను. నవ్వారు. నేను అలిఫ్ బే దిద్దింది మార్కాపురం పలక మీద. ఆ రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్ల ఇళ్లకు విలేకరిగా వెళ్లాను. కాంక్రీటు దుమ్ములోనూ అదే సిలికా ఉంటుంది. తర్వాత అడుగు లోతున రేగడి తీసేసి గరుసు పోయించాం. ఆరంగుళాలకొకసారి తడిపి దిమ్మిస కొట్టించాం. దాని మీద ప్లాస్టిక్ పట్టా, ఆ పైన నాలుగంగుళాల కాంక్రీటు, ఒకటికి ఒకటిన్నర, మూడు. పద్నాలుగు బస్తాలు పట్టాయి. ఇంటి వైపు నుంచి వీధి వైపుకు వాలు. తొమ్మిది అడుగుల దగ్గర అడ్డంగా ఒక గీత కోయించాం, పగిలితే అక్కడే పగలాలని. దాదా బండలు నాలుగూ తీసి గడప ముందు వేయించాను. లాడం అమ్మీ తీసుకుంది.

ఈ పని చేసింది తాపీ చాచా కొడుకు. వెతుక్కుంటూ వెళ్లి పిలిచాను. మొదట రానన్నాడు. "మీ ఇంటి గచ్చు పేరు మా ఇంట్లోనూ ఉంది భాయ్" అన్నాడు. పర్మిట్ కాగితం చూపించాను. ఉర్దూ రాదు, నేను చదివాను. కాగితం చేతిలోకి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. మర్నాడు సామానుతో వచ్చాడు.

ఖర్జా లెక్క దగ్గర తడబడ్డాను. ముప్పై రూపాయలు ఈ రోజు ఎంత? వడ్డీ కట్టే ప్రశ్న లేదు. ముప్పై నోట్లు చేతిలో పెడితే అది ఎగతాళి. అమ్మీనే దారి చూపింది: "అప్పుడు ముప్పై అంటే మేస్త్రీకి రెండు రోజుల మజూరీ. రెండు రోజులదే ఇవ్వు." నిజమే, మేం పట్టుకున్నది ఆయన రెండు రోజుల్ని. ఈ పని కూలీ అంతా లెక్క చూసి ఇచ్చాక, ఇప్పటి రెండు రోజుల మజూరీ విడిగా తీసి, అమ్మీ చేత ఇప్పించాను. ఎందుకో చెప్పడానికి అమ్మీకి గొంతు రాలేదు. నేనే చెప్పాను: నాలుగు బస్తాలు, రేగడి, గరుసు, అబ్బా కాదన్న మాట, అన్నీ.

అతను విన్నాడు. నోట్లు లెక్కపెట్టుకున్నాడు. రెండు జేబుల్లో వేరువేరుగా పెట్టుకున్నాడు. కొత్త గచ్చు మీద మట్టితో మడి కట్టి నీళ్లు నిలబెట్టాం, వెళ్తూ వెళ్తూ వంగి దాని అంచులు చూశాడు.

"పద్నాలుగు రోజులు నీళ్లు ఆరనియ్యొద్దు భాయ్. నెల దాకా కారెక్కించొద్దు. అబ్బా కూడా అప్పుడు అదే చెప్పుంటాడు."

చెప్పాడట. వారానికే జీపు ఎక్కించారని అమ్మీ అంది.